నీటికాకుల జట్టు మూసేశాక

చప్పట్ల బస్సు శనివారం పొద్దున ఏడున్నరకి సియోల్లో సాదాంగ్ స్టేషన్ బయట ఆగేది. ఎక్కేవాళ్ళంతా యాభై దాటిన ఆడవాళ్ళు. జుట్టు ఉంగరాలు చుట్టించుకుని, పూల చొక్కాలు తొడుక్కుని, పెళ్ళికి బయల్దేరినంత హడావిడిగా ఎక్కేవారు. టీవీ స్టూడియోలో ప్రేక్షకుల కుర్చీల్లో కూర్చుని నవ్వమన్నప్పుడు నవ్వడం, అయ్యో అనమన్నప్పుడు అయ్యో అనడం, చప్పట్లు కొట్టమంటే అరచేతులు ఎర్రబడేదాకా కొట్టడం వాళ్ళ పని. ఆ ముప్ఫైమందిలో వయసులో ఉన్న పిల్ల ఒక్కతే. పేరు తక్ సొల్హా. ఇరవై రెండేళ్ళు.

ఆ గుంపుకి పెద్ద గుమ్సున్. క్వాక్ గుమ్సున్ అన్న పూర్తి పేరు కాగితాల మీదే ఉండేది, నోరున్న ప్రతివాళ్ళకీ ఆవిడ పిన్ని. బస్సు మెట్టు మీద నిలబడి ఒక్కొక్కళ్ళ బట్టలూ చూసి గానీ లోపలికి పంపేది కాదు. నలుపు పనికిరాదు, సన్న చారలు పనికిరావు, కెమెరాలో చీమలు పాకినట్టు కనిపిస్తాయి.

"ఇవాళా బూడిదరంగేనా? ఎవరి దినానికి పోతున్నావే?" అంది సొల్హాని చూసి.

"బీరువాలో పైనున్నది ఇదే పిన్నీ."

"కిందున్నవాటికి చేతులు మొలిచి పైకి రావాలేమో." గుమ్సున్ తన సంచీలోంచి పసుపుపచ్చ స్కార్ఫ్ తీసి ఆమె మెడలో వేసి, ముడి కూడా తనే సవరించింది. "ఆ మొహానికి ఏదో ఒక రంగు ఉండాలి కదా."

సొల్హా వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. చేరిన కొత్తలో ఆడవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి ఆరా తీశారు. చదువుకునే పిల్లవి మాతో ఏంటమ్మా అన్నారు. సెలవు పెట్టానంది. జబ్బా అన్నారు. కాదంది. ఎవడైనా ముంచాడా అన్నారు. అదీ కాదంది. "మరింకేం ఉంటుందే ఇరవై రెండేళ్ళకి?" అని గుమ్సున్ గట్టిగా అడిగితే, దాచడానికేముందిలే అనుకుని, "మా ఊళ్ళో ఫుట్‌బాల్ జట్టు మూసేశారు" అని చెప్పింది.

ముందు సీట్లో ఒకావిడ వెనక్కి తిరిగి, "మా ఆయన పచారీ కొట్టు మూసేశాడు. నేను సెలవు పెట్టానా, సెలవు?" అంది. అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, నోటికి అలవాటైన నవ్వు. సొల్హా కూడా నవ్వింది. నవ్వడానికి అప్పటికే ఆమెకి కారణం అక్కర్లేకుండా పోయింది.

ఆమె ఊరు హేజిన్, పడమటి తీరంలో ఓడలు కట్టే రేవు. ఆ ఊరి జట్టుని నీటికాకులు అనేవారు. ఆకుపచ్చా నలుపూ కలిసిన చొక్కాలు. రెండో శ్రేణి పోటీల్లో పదమూడు జట్లుంటే పదో చోటో, పదకొండో చోటో వాళ్ళది. గెలుపు వాళ్ళ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేది. సొల్హా అయిదో తరగతిలో ఉండగా బడిలో ఊరికే పంచిన టికెట్టుతో మొదటిసారి వెళ్ళింది. ఆ రోజు ఒకటే వాన, గోలు ఒక్కటీ పడలేదు. సగంమంది పిల్లలు సగం ఆటకే ఇంటికి పోయారు. గోలు వెనక ఉత్తరపు మెట్ల మీద తడిసి ముద్దవుతూ డప్పులు వాయిస్తున్న నలభైమందిని చూసి సొల్హాకి మాత్రం కాళ్ళు కదల్లేదు. మరుసటి ఏడాదికల్లా ఆ నలభైమందిలో తనూ ఒకతె అయింది. లాండ్రీ నడిపే తేసిక్ బాబాయ్ పెద్ద డప్పు వాయిస్తే, ఆమె పక్కన చిన్న డప్పు వాయించేది. సియోల్లో కాలేజీలో చేరాక కూడా, శనివారం తెల్లారగట్ల రైలెక్కి మూడు గంటలు ప్రయాణం చేసి, డప్పు వాయించి, గొంతు పోగొట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చేది.

డిసెంబరు మొదట్లో ఒక మంగళవారం, గణాంకాల క్లాసులో ఉండగా ఫోనుకి కబురొచ్చింది. జట్టుని పోషించే ఓడల కంపెనీ చేతులెత్తేసిందనీ, నగరసభ మొహం చాటేసిందనీ, వచ్చే ఏడాది నుంచి జట్టు ఉండదనీ, ఇన్నాళ్ళ ఆదరణకి కృతజ్ఞతలనీ. మొత్తం నాలుగు వాక్యాలు. సొల్హా క్లాసయ్యేదాకా నోట్సు రాసుకుంది. తర్వాత కాంటీనుకి వెళ్ళి సోయా పులుసూ అన్నం తింది. ఏడుపొస్తుందేమోనని రెండు రోజులు కాచుకుని కూర్చుంది. రాలేదు. జలుబు చేసినప్పుడు ముద్ద నోట్లోకి వెళుతుంది గానీ రుచి తెలియదు చూడండి, అట్లా రోజులు లోపలికి పోతున్నాయి గానీ ఏమీ తెలియడం లేదు. వాళ్ళమ్మ ఫోన్లో, "పీడా విరగడైంది. ఇప్పటికైనా పుస్తకం తెరువు" అంది. సొల్హా తెరిచింది. పేజీ తిరగలేదు. పరీక్షలో పేరూ నంబరూ రాసి, గడువు అయ్యేదాకా బుద్ధిగా కూర్చుని, కాగితం ఇచ్చేసి వచ్చింది. మార్చిలో ఏడాది సెలవుకి అర్జీ పెట్టుకుంది.

ఆమెతో గది పంచుకునే బోరం హుషారు పిల్ల. గుక్ బోరం, అదే కాలేజీలో చైనా భాష చదివేది. బుధవారం సాయంత్రాలు టీవీలో ఒక కార్యక్రమం వచ్చేది. ఎనిమిదిమంది కుర్రకారుని ఒక దీవిలో ఇంట్లో పెట్టి, ఎవరికి ఎవరు నచ్చుతారో చూసే తంతు. ఆ వేళకి మేడ మొత్తం మీది ఆడపిల్లలు వేయించిన కోడి ముక్కల డబ్బాలు పట్టుకుని వీళ్ళ గదిలోకి చేరేవాళ్ళు. ఎవరైనా ఎవరికైనా మంచినీళ్ళ గ్లాసు అందిస్తే చాలు, దిండ్లు ఎగిరేవి. సొల్హా గోడకి ఆనుకుని వాళ్ళని చూసేది. ఆ వేడి ఆమెకి కొత్తది కాదు. ఖాళీ చేసిన ఇంట్లో ఏ గది ఎక్కడుండేదో గుర్తున్నట్టు గుర్తుంది, అంతే.

చప్పట్ల పని గురించి బోరమే చెప్పింది. "నేనే వెళ్దామనుకున్నానే, కానీ శనివారం ఆరింటికి లేవడం నా వల్ల కాదు. నువ్వెలాగూ లేచే కూర్చుంటావుగా" అంది. నిజమే. రైలు వేళకి మెలకువ వచ్చేసేది. వెళ్ళడానికి చోటు లేదు.

మే నెల మూడో శనివారం నాటి కార్యక్రమం మోకాళ్ళ గురించి. స్టూడియోలో ముప్ఫైమందినీ మూడు వరుసల్లో సర్దారు. సొల్హాది మూడో వరుస, చివరినుంచి రెండో కుర్చీ, పక్కన గుమ్సున్. కెమెరాల ముందు నిలబడి జనానికి సైగలు చేసే ఆవిడ పేరు నమ్‌గుంగ్. నలభై దగ్గర పడ్డ సన్నపాటి మనిషి, చెవికి ఎప్పుడూ మైకు. చెయ్యి పైకెత్తితే చప్పట్లు. వేలు గాల్లో తిప్పితే నవ్వు. అరచెయ్యి గుండెల మీద పెట్టుకుంటే అయ్యో.

డాక్టరుగారొచ్చి ప్లాస్టిక్ ఎముకలు చూపించి వెళ్ళాక, వ్యాఖ్యాత కొత్త అతిథిని పిలిచాడు. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడు, మోకాలు దెబ్బతిని ఆట మానేసి, ఇప్పుడు ఈతకొలనులో పెద్దవాళ్ళకి నీటి వ్యాయామం నేర్పుతున్నాడు, పేరు యాంగ్ బొమ్సు.

పేరు వినకముందే సొల్హాకి తెలిసిపోయింది. ఎడమ కాలు కాస్త బయటికి విసురుతూ నడిచే ఆ నడక ఆమె ఆరేళ్ళు చూసింది. నీటికాకుల పదిహేడో నంబరు. మనిషి ఒళ్ళు చేశాడు, లేత నీలం చొక్కా వేసుకున్నాడు. నమ్‌గుంగ్ చెయ్యెత్తింది, సొల్హా చప్పట్లు కొట్టింది.

"ఎంత బావున్నాడే," అంది గుమ్సున్ పెదవులు కదపకుండా. "మా పేట కొలనుకి ఇట్లాంటివాడు రాడు. మాకొచ్చేవాడు కప్పలా ఉంటాడు."

అప్పుడు వెనక పెద్ద తెర మీద పాత ఆట ముక్క ఒకటి వేశారు. పదిహేను సెకన్లుంటుంది. హేజిన్ మైదానం, పక్కగీత దగ్గర పదిహేడో నంబరు బంతి ఆపాడు, అవతలివాడు జారుతూ వచ్చాడు, మోకాలు తిరగకూడని వైపు తిరిగింది. పడిపోయిన మనిషి మీంచి కెమెరా లేచి ఉత్తరపు మెట్ల మీదికి వెళ్ళింది. ఆకుపచ్చా నలుపూ జెండాలు, తలల మీద చేతులు పెట్టుకున్న జనం. చిన్న డప్పు ఉండాల్సిన చోట ఒక జెండా అడ్డొచ్చింది. ఆ వెనక సొల్హా ఉంది. ఆ రోజు ఆమె అరిచిన అరుపుకి నాలుగు రోజులు మాట పెగల్లేదు.

నమ్‌గుంగ్ గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. ఇరవై తొమ్మిది గొంతులు అయ్యో అన్నాయి. సొల్హా నోరు తెరుచుకోలేదు.

"ఆపండి," అంది నమ్‌గుంగ్. "మూడో వరుసలో పసుపు స్కార్ఫ్. నిద్రపోతున్నారా?"

"లేదండీ."

"ఆయన మోకాలు విరిగింది. మీకు బాధగా ఉండాలి."

"సరేనండీ," అంది సొల్హా.

మళ్ళీ వేశారు. ఈసారి అందరూ బాగానే అన్నారు గానీ వ్యాఖ్యాత నాలుక మడత పడింది. మూడోసారి వేశారు. బంతి ఆగింది, అవతలివాడు జారాడు, మోకాలు తిరిగింది. సొల్హా గుండెల మీద చెయ్యి వేసుకుని, కనుబొమలు దగ్గరికి తెచ్చుకుని, సరిగ్గా పడాల్సిన చోట అయ్యో అంది. నమ్‌గుంగ్ బొటనవేలు ఎత్తి చూపించింది. సొల్హా కళ్ళు మాత్రం వేదిక మీదున్నాయి. మొదటిసారి బొమ్మ ఆడుతున్నప్పుడు బొమ్సు తెరవైపు చూశాడు. రెండోసారి నేలవైపు చూశాడు. మూడోసారి చొక్కాకి తగిలించిన మైకు తీగ సర్దుకుంటూ ఉన్నాడు.

చిత్రీకరణ అయ్యాక బస్సుకోసం అందరూ నడవాలో నిలబడ్డారు. కాఫీ మిషన్ పక్కన కుర్చీలో బొమ్సు మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చున్నాడు. వ్యాయామం చేసి చూపించమని స్టూడియోవాళ్ళు నాలుగుసార్లు గెంతించారు. సొల్హా కాసేపు దూరంనుంచి చూసి, తర్వాత వెళ్ళి వంగి దండం పెట్టింది.

"హేజిన్ నుంచండీ. ఉత్తరపు మెట్లు. చిన్న డప్పు."

అతను తలెత్తాడు. "ఆ టకటకలాడేది మీరేనా? మా గోల్‌కీపరు దానికి తలనొప్పి మాత్ర వేసుకునేవాడు."

"ఆయన మాకు అప్పుడే చెప్పాల్సింది."

"అభిమానులకి చెబుతామా?" అని అతను నవ్వి, పక్క కుర్చీ చూపించాడు. సొల్హా కూర్చుంది. ఇన్నేళ్ళలో అతనికి చెప్పాలనుకున్న మాట ఒక్కటే ఉంది, అదే చెప్పింది.

"మీరొక గోలు కొట్టారు. జూన్‌లో, ఎనభై ఎనిమిదో నిమిషంలో. మీది ఎడమకాలి ఆట కదా, అది కుడికాలితో కొట్టారు. ఆ రోజు మేం మైదానం నుంచి స్టేషన్ దాకా డప్పు వాయిస్తూ నడిచాం."

బొమ్సు కళ్ళు చిట్లించి ఆలోచించాడు. "నేను గోలు కొట్టానా? ఆగండాగండి... ఆ, ఉంది. అది నేను కొట్టింది కాదండీ. ఎవడో తన్నితే నా కాలికి తగిలి లోపలికి పోయింది. నేను చూడనుకూడా లేదు. కంట్లో చెమట."

సొల్హా ఎక్కడో చివుక్కుమంటుందేమోనని ఎదురుచూసింది. ఏమీ కాలేదు. "ఓహో" అంది.

"మీకు బాగా గుర్తుంది కదా, అట్లాగే ఉండనివ్వండి. నాదేం లెక్క." అతను ఐసు సంచి అటు తిప్పి పెట్టుకున్నాడు. "ఇప్పుడు చూస్తున్నారా, ఆట?"

"లేదు. మీరు?"

"ఊహూ. ఆదివారాలు గాలమేస్తాను. ఒక్క చేపా పడదు. బానే ఉంటుంది." ఐసు తడి తుడుచుకుని, "ఇందాక మొదటిసారి మీరు అనలేదు," అన్నాడు.

"మీకు కనబడిందా?"

"అన్ని నోళ్ళు తెరుచుకుని ఒక్క నోరు మూసుకునుంటే కనబడక ఏమవుతుంది. కోపమా?"

"కాదండీ. ఏమీ అనిపించలేదు."

"నాకూ అంతే," అన్నాడు బొమ్సు. "రాత్రంతా భయపడ్డాను, అది చూపిస్తారని ముందే చెప్పారులెండి. తీరా చూస్తే ఎవరిదో మోకాలు."

బయట బస్సు హారన్ మోగింది. సొల్హా లేచి మళ్ళీ వంగింది. అతను లేవబోతే వద్దని చెయ్యి ఊపి వచ్చేసింది.

బస్సులో గుమ్సున్ పక్కకొచ్చి కూర్చుంది. "ఏమే, ఆ నీళ్ళ మాస్టారుతో మంతనాలేంటి? మాకు పనికొచ్చేవాణ్ణి నువ్వు తన్నుకుపోదామనా?"

"మా ఊరి జట్టులో ఆడేవాడు పిన్నీ."

"మూసేశారన్నావు, అదేనా?"

"ఆఁ."

గుమ్సున్ ఒడిలోని రేకు కాగితం విప్పి, నాచు చుట్టిన అన్నం ముక్కలు సగం ఆమె చేతిలో పెట్టింది. తను ఒకటి నమిలి మింగాక చెప్పింది.

"మా ఆయన పోయిన నెలకే నేను ఈ పనిలో చేరాను. మొదటి రోజే హాస్యం కార్యక్రమం. నాలుగు గంటలు పగలబడి నవ్వాను. ఇంటికెళ్ళాక దవడలు పీకాయి. ఆ నొప్పే గానీ ఇంకే నొప్పీ లేదు. నేనేం ఆడదాన్నిరా దేవుడా అనుకున్నాను. అసలుది తర్వాతెప్పుడో వచ్చింది. కూరగాయలు కొంటూ ఉండగా."

"ఎన్నాళ్ళకి?"

"ఏమో, గుర్తుపెట్టుకున్నానా? ముల్లంగి చేతిలో పట్టుకుని బజార్లో కూలబడిపోయాను. ఆ కొట్టువాడు నేను ధర చూసి ఏడుస్తున్నాననుకున్నాడు." గుమ్సున్ ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "నీకు రావాలనేం లేదులే. అందరికీ వస్తుందనేం లేదు. తిను."

సొల్హా తింది.

రెండు వారాల తర్వాత గురువారం పొద్దున ఆ కార్యక్రమం టీవీలో వచ్చింది. బోరం మేడ మీద ఉన్నవాళ్ళందర్నీ తలుపులు బాది లేపుకొచ్చింది. ఏడుగురు పిల్లలు చెదిరిన జుట్టుతో నూడుల్స్ గిన్నెలు పట్టుకుని మంచం మీదా కిందా కూర్చున్నారు. మోకాలు తిరిగింది. ఉత్తరపు మెట్లు కనిపించి మాయమయ్యాయి. ఆ వెంటనే తెరనిండా సొల్హా మొహం. మొదటిసారి తీసినప్పటిది. మూసుకున్న నోరు, కదలని కళ్ళు, మెడలో పసుపు స్కార్ఫ్. మూడు సెకన్లు ఉంచారు. కింద గులాబీరంగు అక్షరాలు: 'మాట పడిపోయిన ప్రేక్షకురాలు'.

గదిలో ఎవరూ నూడుల్స్ పీల్చలేదు. "నువ్వు ఇంత బాగా చేస్తావని నాకు చెప్పనేలేదే," అంది బోరం. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకు నిజంగా ఏడుపొచ్చేసింది."

"నేనేం చెయ్యలేదు."

"అదే కదా నటనంటే. ఏం చెయ్యనట్టు చెయ్యడం."

"బోరం, నేను నిజంగానే ఏం చెయ్యలేదు."

"సర్లేవే, గొప్ప చెప్పుకోకు," అని బోరం ముక్కు తుడుచుకుని గిన్నెలోకి చూసింది. తర్వాత, వాళ్ళంతా వెళ్ళిపోయాక, గిన్నెలు కడుగుతూ అటే తిరిగి అడిగింది. "అది మీ ఊరి మైదానమా?"

"ఆఁ."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. డిసెంబర్లో. నువ్వు అప్పుడు ఆ దీవివాళ్ళని చూస్తున్నావు."

బోరం కొళాయి కట్టేసింది. తడి చేతులతోనే వచ్చి ఆమె పక్కన మంచం మీద కూర్చుంది. టీవీలో అదాటున ఎవరో క్యాబేజీ తరగడం మొదలుపెట్టారు.

నమ్‌గుంగ్ ఫోన్ చేసి వచ్చేవారం నుంచి మొదటి వరుసలో కూర్చోమంది. గుమ్సున్ సంతోషించింది, కాస్త మూతి కూడా ముడుచుకుంది. ఇరవై ఏళ్ళుగా తనని ఒక్కనాడూ తెరనిండా చూపించలేదట. మొదటి వరుసలో సొల్హా రెండు శనివారాలు కూర్చుంది. కుక్కపిల్ల తప్పిపోయిన ఒక ముసలాయన వచ్చినప్పుడు, "ఆ మొహం పెట్టండి, ఆ రోజుది," అంది నమ్‌గుంగ్. సొల్హాకి ఏ మొహమో అర్థం కాలేదు. నోరు మూసుకుని చూసింది. కెమెరా వెనకవాళ్ళు తల అడ్డంగా ఊపారు. వరదలో ఇల్లు పోయినావిడ వచ్చినప్పుడు మళ్ళీ ప్రయత్నించారు. ఆవులింత ఆపుకుంటున్నట్టుంది అన్నారు. మూడో శనివారం ఆమెని తిరిగి మూడో వరుసకి పంపించేశారు. "పోన్లే, ఇక్కడైతే కాళ్ళు చాపుకోవచ్చు," అంది గుమ్సున్ చోటిస్తూ.

జులై మొదట్లో హేజిన్ నుంచి ఫోనొచ్చింది. తేసిక్ బాబాయ్ అన్నిటికీ ఆలస్యమే, ఈ సంగతీ ఆలస్యంగానే తెలిసింది.

"ఏటే పిల్లా, టీవీలో పడ్డావంట. మా లాండ్రీకొచ్చే వాళ్ళందరూ చూసారు, నాను తప్ప. మనోడి మోకాలు మళ్ళీ ఇరగ్గొట్టారంట గదా."

"మూడుసార్లు బాబాయ్."

"ఒకసారి సాలదేటి ఆళ్ళకి?" తేసిక్ దగ్గి, అసలు సంగతికొచ్చాడు. మైదానం గదిలోంచి డప్పులన్నీ అతని కొట్టుకి చేర్చారు. పదకొండు డప్పులు. ఇస్త్రీ బల్ల కదలడానికి చోటు లేదు, బట్టలకోసం వచ్చేవాళ్ళు తట్టుకుని పడుతున్నారు. ఆడపిల్లల మిడిల్ స్కూల్లో వాయిద్యాల టీచరమ్మ తీసుకుంటానంది. "ఆదివారం బండి మాటాడాను. నా నడుం సంగతి నీకు తెలుసు గదా. వస్తావేటి?"

"వస్తాను."

ఏడు నెలల తర్వాత హేజిన్ రైలెక్కింది. కిటికీలోంచి ఉప్పుమళ్ళు కనిపించాయి, తర్వాత ఓడల క్రేనులు కనిపించాయి. స్టేషన్ గోడ మీద జట్టు బొమ్మ తీసేసిన చోట గోడ మిగతా గోడకంటే తెల్లగా ఉంది. సొల్హా దాన్ని చూసి, గొడుగు తెరుచుకుని నడిచింది.

సొల్హా, తేసిక్, బండివాడూ కలిసి లాండ్రీలోంచి పదకొండు డప్పులూ మోశారు. తేసిక్ ఒక్కోదాన్ని ఎత్తేటప్పుడు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవాడు. ఇది ఫలానా ఆటలో చిరిగింది, దీనికి తోలు మా బావమరిది వేశాడు, దీనిమీద ఆ రోజు ఎవడో బీరు పోశాడు. బళ్ళో టీచరమ్మ ఎదురొచ్చింది. ఆదివారమైనా సాధనకోసం నలుగురు ఆడపిల్లలు వచ్చి ఉన్నారు. ఎట్లా కొట్టాలో ఒకసారి చూపించమని టీచరమ్మ అడిగింది. తేసిక్ సొల్హా వైపు చూశాడు.

సొల్హా చిన్న డప్పు తగిలించుకుని వాయించింది. చేతులకి అంతా గుర్తుంది. మూడు పొట్టివి, రెండు పొడుగువి, మళ్ళీ మూడు. ఖాళీ గదిలో చప్పుడు గోడలకి తగిలి తిరిగొచ్చింది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. ఏదైనా అనిపిస్తుందేమోనని ఆమె కొంచెం ఎక్కువసేపే వాయించింది. తర్వాత ఆపి, పట్టీ విప్పి, దగ్గరగా నిలబడ్డ పిల్ల మెడలో తగిలించింది.

"పైన పట్టుకోకు, ఇక్కడ పట్టుకో. లేకపోతే మణికట్టు పోతుంది," అంది.

బయటికొచ్చేసరికి రెండున్నరైంది. బళ్ళో ఉన్నంతసేపూ వాన పడి అప్పుడే ఆగింది. తేసిక్ ఆమెని రేవు దగ్గర గుల్లల నూడుల్స్ చేసే చిన్న హోటల్‌కి తీసుకెళ్ళాడు. లోపల ఇంకెవరూ లేరు. హోటలామె కూరలు తరుగుతూ గోడమీది టీవీలో ఫుట్‌బాల్ పెట్టుకుంది. పెద్ద ఊళ్ళ జట్లు, నిండా జనం.

"అమ్మా, అది మార్చీయండి," అన్నాడు తేసిక్.

ఆవిడ అతన్ని ఒకసారి చూసింది. రిమోట్ నొక్కింది. ఏదో సీరియల్, వారం రోజుల భాగాలు ఒకదాని వెనక ఒకటి వేస్తున్నారు. తేసిక్ ముఖంలో వెలుగొచ్చింది. "ఉంచీయండి, ఉంచీయండి. ఇది గురువారం నాటిది. సగంలో కరెంటు పోనాది మాకు."

గిన్నెలొచ్చాయి. పొగలు కక్కుతున్న చారులో గుల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఖాళీ చిప్పలకి ఇంకో గిన్నె పెట్టింది హోటలామె. ఇద్దరూ తింటున్నారు.

"సదువు?" అన్నాడు తేసిక్ తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

"సెప్టెంబర్లో చేరతాను. సెలవు సగానికి తగ్గించమని కాగితం ఇచ్చేశాను."

"మంచిది." ఇంకో గుల్ల ఒలిచాడు. "ఆ ముత్యాల దండ ఉంది సూడు, ఆవిడ పెద్దకోడలు. మిల్లు కాగితాలు తగలెట్టీసింది. నేరం చిన్నకోడలి నెత్తిన ఏసీసింది. మావఁగారు చిన్నదాన్ని ఇంట్లోంచి గెంటీసాడు."

సొల్హా తెర వైపు చూసింది. చిన్నకోడలు చేపల మార్కెట్లో నీళ్ళ తొట్టి తోముతోంది. పెద్దకోడలు కారు దిగి ఆమె ముందు నిలబడింది. చిన్నకోడలు లేచి, చేతులు తుడుచుకుని, తల వంచుకుంది.

"కాగితాలు తగలెట్టింది ఎవరో ఈ అమ్మాయికి తెలుసా?" అంది సొల్హా.

"తెలుసు. కళ్ళారా సూసింది."

"మరి చెప్పదేం?"

"సెప్పదు."

"ఎందుకు చెప్పదు బాబాయ్?"

"అదే గదా, మార్చి నెల నుంచీ నానూ మొత్తుకుంటున్నాను."

హోటలామె కత్తి పక్కన పెట్టి ఇటు తిరిగింది. "దానికి పిల్లవాడున్నాడు కదయ్యా. వాణ్ణి పెద్దకోడలు దాచేసింది. మీరు మంగళవారం భాగం చూళ్ళేదా?"

"పిల్లోడా? ఎప్పుడు?"

"అదెప్పటి సంగతో. పెళ్ళికి ముందు." ఆవిడ చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని వాళ్ళ బల్ల దగ్గరే కూర్చుని మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది. తేసిక్ మధ్యలో అడ్డుపడి తప్పులు దిద్దాడు. సొల్హా గిన్నె చల్లారిపోయింది. సొల్హా స్టేషన్‌కి ఎక్కాల్సిన మూడూ యాభై బస్సు హోటల్ ముందునుంచే వెళ్ళింది, ఎవరూ తలెత్తలేదు. భాగం అయ్యాక ఇంకొకటి మొదలైంది, వాళ్ళు అదీ చూశారు. తర్వాతి బస్సు అయిదూ నలభైకి. సొల్హా దానికి వెళ్ళింది.